కంబి బట్ట

నన్ను పుదుచ్చేరికి పంపిన ఆర్డరులో రెండు బదిలీలు ఉన్నాయి. ఒకటి నాది. రెండోది, అప్పటిదాకా మా అంతరిక్ష సంస్థ పెద్ద కేంద్రంలో తలుపులు మూసుకుని మేమే చేసుకుంటున్న ఒక చిన్న యంత్రానిది. ఇకమీదట దాన్ని బయటి వర్క్‌షాపులో చేయించాలని, ఎవరో ఒకరు వెళ్ళి ఆ విద్య వాళ్ళకి నేర్పి రావాలని పైవాళ్ళు తీర్మానించారు. నేను పుట్టింది యానాంలో. మా ఊళ్ళో ఏ కాగితం కావాలన్నా, ఏ సీటు కావాలన్నా అందరి చూపూ పుదుచ్చేరి వైపే ఉంటుంది. అందుకని "నీకు తెలిసిన ఊరే కదమ్మా" అని నా పేరు రాశారు. మూడేళ్ళన్నారు, అయిదేళ్ళకి పైన పట్టింది.

ఆ యంత్రం రెండు చేతుల్లో పట్టేంత ఉంటుంది. దాని పని చల్లార్చడం. ఉపగ్రహంలో భూమి వేడిని చూసే కన్ను ఒకటి ఉంటుంది. సముద్రం ఎక్కడ వెచ్చగా ఉంది, మబ్బుల నెత్తి ఎంత చల్లగా ఉంది అనేది అది చెబుతుంది. దాని తంటా ఏమిటంటే, తనే వెచ్చగా ఉంటే తన వేడి తప్ప దానికి ఇంకేం కనపడదు. దీపం వెలుగుతున్న గదిలోంచి కిటికీ అద్దంలోకి చూస్తే వీధి కనపడదు, మన మొహమే కనపడుతుంది. అలాగన్నమాట. కాబట్టి ఆ కంటిని ఎనభై కెల్విన్ దాకా, అంటే నీళ్ళు గడ్డకట్టే చోటునుంచి ఇంకో నూట తొంభై డిగ్రీల పైచిలుకు కిందికి దించాలి. దించి, ఏళ్ళ తరబడి అక్కడే నిలపాలి. పైకి వెళ్ళాక మరమ్మతు చేయడానికి ఎవరూ ఉండరు.

వర్క్‌షాపు మూలకుళం అవతల ఉండేది. నేను మూలకుళంలోనే ఒక ఇంటి పైభాగం అద్దెకి తీసుకున్నాను. వర్క్‌షాపు యజమాని ఆ ఊరి తమిళుడు, నెమ్మదస్తుడు. అందరూ ఆయన్ని సార్ అనేవారు, నేనూ అదే అన్నాను. మొదటిరోజు ఆయన నాకు లేతులూ, గ్రైండింగ్ మిషన్లూ చూపించి, చివర్లో వెనకవైపు గదికి తీసుకెళ్ళారు. అద్దాల తలుపు, తెల్ల కోటు, తలకి టోపీ, పాదాలకి గుడ్డ తొడుగులు. లోపల ఒక్కతే మనిషి. యాభై దాటిన ఆవిడ. బల్ల మీద అద్దం, అద్దం కింద దీపం, అద్దంమీద పావలా బిళ్ళంత జల్లెడ ముక్కలు. సన్నటి పట్టకారుతో ఒక్కొక్క ముక్కనే ఎత్తి వెలుగుకి పెట్టి చూస్తోంది.

"ఈమె కళ్ళు నా దగ్గరున్న మైక్రోస్కోపు కంటే తొందరగా చూస్తాయి" అన్నారు సార్.

ఊళ్ళోని బట్టల మిల్లు ఒకటి మూతపడింది. అందులో ఆవిడ బట్ట చూసే సెక్షన్లో పనిచేసేది. వాలుగా ఉన్న బల్లమీద నేసిన బట్ట పారుతూ ఉంటే, తెగిన నూలు ఎక్కడుందో, వదులు నేత ఎక్కడుందో చూసి గుర్తు పెట్టడం ఆ పని. ఇరవై రెండేళ్ళు అదే చేసింది. మిల్లు పోయాక సార్ వెతికి మరీ ఈ గదికి తెచ్చుకున్నారు. కారణం ఉంది. మా యంత్రంలో హీలియం వాయువు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ ఉంటుంది. దాని దారిలో ఒక గొట్టం, ఆ గొట్టం నిండా వెయ్యికి పైన జల్లెడ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వాయువు చల్లటి కొసకి పోతూ తన వేడిని ఆ బిళ్ళల్లో దాచిపెట్టి పోతుంది, తిరిగొస్తూ తీసుకుపోతుంది. ఆ దాపరికం సరిగ్గా జరిగితేనే కొస చల్లబడుతుంది. ఆ జల్లెడ స్టీలు తీగతో మగ్గం మీద నేసిన బట్టే. నిలువు పోగూ అడ్డ పోగూ ఉన్న అసలు సిసలు బట్ట. ఆవిడ దాన్ని కంబి బట్ట అనేది, కంబి అంటే తీగ.

నా మాట విని తల పైకెత్తింది.

"తెలుగా! యాడ నుంచి వస్తా ఉండావమ్మా?"

"యానాం నుంచండి."

"అండీ ఏంది అండీ! అక్కా అను."

వాళ్ళ ఇంట్లో తెలుగే. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్నారు. గడప దాటితే తమిళం. "తెలుగు మాట్లాడేదానికే వస్తాది, చదివేదానికి రాదు. బళ్ళో అరవమే నేర్పిచ్చినారు" అంది. నా గోదారి తెలుగు ఆవిడకి నాటకంలో మాటల్లా వినిపించేదట. ఆవిడ తెలుగు మొదటి వారం నాకు సగమే అర్థమయ్యేది. ఆ తర్వాత ఆ ఊళ్ళో నాకు బాగా అలవాటైన గొంతు అదే అయింది.

రెండో రోజే నన్ను నిలదీసింది. "ఆకాశంలో సల్లగానే ఉంటాదంట గదా. సల్లగుండే కాడికి సల్లార్చే మిషను ఎందుకు?"

పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అంత సూటిగా అడగని ప్రశ్న. పైన ఒకవైపు ఎండ మండుతుందని, ఉపగ్రహం లోపలి పెట్టెలన్నీ వేడి కక్కుతుంటాయని, ఊరికే వదిలేస్తే కన్ను చల్లబడుతుంది గానీ మనకి కావలసినంత కాదని చెప్పాను. ఆవిడ "అట్లయితే ఇది ఎండలో పోయేవాడికి కుండ నీళ్ళ మాదిరి" అంది. నేను ఒప్పుకున్నాను.

ఆ గదిలో ఆవిడ పని చూడటం నాకు రోజూ ఒక చదువు. బిళ్ళల్ని కొట్టడం వేరేవాళ్ళు చేసేవారు. కొట్టినప్పుడు అంచుల్లో తీగ ముక్కలు ఊడి వేలాడుతుంటాయి. ఒక్క ముక్క రాలి యంత్రంలోకి పోతే గుండెలో ముల్లు దిగినట్టే. ఎందుకంటే లోపల పిస్టనుకీ దాని గోడకీ మధ్య సందు వెంట్రుక మందంలో ఎన్నో వంతు. నూనె వేయడానికి లేదు, చల్లటి కొసలో నూనె గడ్డకట్టి దారి మూసేస్తుంది. అందుకని పిస్టను గోడని తాకకుండా, చుట్టలు చుట్టలుగా కోసిన పల్చటి స్టీలు స్ప్రింగులమీద వేలాడుతూ కొట్టుకోవాలి. ఆవిడ బిళ్ళని కడిగి, ఆరబెట్టి, దీపం మీద పెట్టి, అంచు చుట్టూ ఒకసారి తిప్పేది. బాగుంటే కుడివైపు, లేకపోతే ఎడమవైపు. నోట్లో లెక్క. ఏభైకి ఒక కట్ట. కట్టకి ఒక గీత, ఒక చిన్న పుస్తకంలో. పేర్చేటప్పుడు ప్రతి బిళ్ళనీ కింది బిళ్ళకి కొంచెం తిప్పి వేసేది, పోగులు ఒకదానిమీద ఒకటి పడకుండా. ఏ ముక్కనీ నొక్కేది కాదు. తన బరువుతో తనే కూర్చోవాలి అనేది.

మేం చేసిన మొదటి యంత్రం ఒక మధ్యాహ్నం పరీక్షకి ఎక్కింది. వర్క్‌షాపులో అందరూ లేతులు ఆపి వచ్చి అంకెల పెట్టె చుట్టూ నిలబడ్డారు. అంకె దిగుతోంది. నూట యాభై, నూట ఇరవై, తొంభై. ఎనభై దగ్గర ఆగి నిలిచింది. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అక్క వెనకనుంచి తొంగి చూసి నన్ను అడిగింది.

"ఆ కొస ముట్టుకుంటే ఏమయితాది?"

"ముట్టుకోడానికి ఉండదక్కా. గాలి లేని డబ్బాలో ఉంటుంది."

"ఇంత కష్టపడి సల్లార్చి ముట్టుకునేదానికి కూడా లేదా!" అంది. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నిజంగానే నొచ్చుకుంది.

ఆ తర్వాత అసలు పరీక్ష. అంతరిక్షానికి పనికొస్తుందని నమ్మాలంటే, అలాంటివే ఇంకా చేసి నెలల తరబడి ఆపకుండా తిప్పి చూపించాలి. పాత జల్లెడ అయిపోయింది. కొత్త చుట్ట వచ్చింది. నేనే దస్తావేజులు చూసి, ముద్ర చూసి, అంగుళానికి ఎన్ని పోగులో చూసి సంతకం పెట్టి లోపలికి పంపాను. ఆ సాయంత్రం అక్క నన్ను గది తలుపు దగ్గరికి పిలిచింది.

"అమ్మా, ఈ బట్ట వేరే మాదిరి ఉండాది."

"అదే బట్టక్కా. నంబరు అదే."

"నంబరు ఏమో నాకు తెలీదు. పోగులన్నీ అన్నే ఉండాయి, ఎంచి చూసినా. కానీ చేతికి మెత్తగా ఉండాది. పల్చని వాయిలు చీరకీ మోటు కాడా గుడ్డకీ ఉండే తేడా మాదిరి."

నాకు ఆ రోజు వేరే పని మీద పడి ఉంది. మోటారు తీగచుట్ట ఒకటి సరిగ్గా రాక దానితో కుస్తీ పడుతున్నాను. సర్టిఫికెట్ ఆవిడకి చూపించాను. ఇంగ్లీషులో ఉంది. "చూడక్కా, అంతా రాసే ఉంది" అన్నాను. ఆవిడ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది, "సరి" అని లోపలికి పోయింది. రెండు రోజుల తర్వాత, "గొట్టం నిండేదానికి ఒగ కట్ట పైన ఎక్కువ పట్టింది" అని కూడా చెప్పింది. "పరవాలేదు, నిండితే చాలు" అన్నాను. ఆ మాటలు నా నోటినుంచే వచ్చాయి. మరిచిపోలేదు.

రెండో యంత్రం నూటపది దగ్గర ఆగిపోయింది. ఎంత బతిమాలినా కిందికి దిగలేదు.

విప్పి చూశాం. హీలియం కారుతోందేమోనని ప్రతి అతుకునీ వెతికాం. తడి చేరిందేమోనని రోజుల తరబడి వెచ్చబెట్టి ఆరబెట్టాం. సముద్రపు గాలి ఊరు కాబట్టి తడి మీద అనుమానం అందరికీ ఉండేది. పిస్టను గోడకి రాసుకుంటోందేమోనని కొలిచాం. మళ్ళీ కూర్చాం. మళ్ళీ నూటపది. మూడోసారీ అంతే. నెల గడిచింది. పెద్ద కేంద్రం నుంచి సమీక్షకి నలుగురు వచ్చారు.

వాళ్ళకి పెద్ద అయిన ఆయన కఠినుడు కాదు, జాగ్రత్తపరుడు. ఒక్కొక్క భాగం ఎవరు చేశారు, ఏ అర్హత, ఏ శిక్షణ అని అడుగుతూ వచ్చారు. జల్లెడ దగ్గరికి వచ్చేసరికి అక్క పేరుకి ఎదురుగా తమిళంలో సంతకం తప్ప ఇంకేం లేదు.

"ఈమెకి శిక్షణ పత్రం ఉందా?"

లేదన్నాం.

"మొదటి యంత్రం కూడా ఆమె చేతులతో పేర్చిందే. అది ఇప్పటికీ ఎనభైలోనే తిరుగుతోంది" అన్నారు సార్.

"అదృష్టాన్ని పద్ధతి అనలేం కదండీ" అన్నారాయన.

అప్పుడు నేను మాట్లాడి ఉండాలి. బట్ట వేరేగా ఉందని ఆవిడ చెప్పిన మాట ఆ బల్ల దగ్గర నాకు గుర్తు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తొచ్చింది. ఒక్క క్షణం మెదిలింది. సంతకం పెట్టింది నేనే కదా అన్న ఆలోచన కూడా దాని వెంటే వచ్చింది. సర్టిఫికెట్ ఉంది, అది ఊరికే రాదు అని సర్దిచెప్పుకుని నోరు మెదపలేదు. అర్హత లేనివాళ్ళు ఇకమీదట కూర్పులో చేయి పెట్టకూడదని నివేదికలో రాసి వెళ్ళారు.

మర్నాడు పొద్దున ఆవిడతో ఆ మాట సార్ చెప్పారు. ఆవిడ కోటు మడతపెట్టి బల్లమీద ఉంచి నా దగ్గరికి వచ్చింది.

"నా చేతిలో తప్పుంటే చెప్పమ్మా. దిద్దుకుంటా."

నేను నేలవైపు చూశాను. ఏదో గొణిగాను, నిబంధనలు అనో, కొన్నాళ్ళే అనో. ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బిళ్ళలు పేర్చే పని నా మీదే పడింది. నాకు అర్హత ఉంది మరి. ఆ గదిలో ఆవిడ కుర్చీలో కూర్చుని మొదటి రోజు మూడు కట్టలు కూడా చూడలేకపోయాను. కళ్ళు నీళ్ళు కారాయి, మెడ పట్టేసింది. ఆవిడ రోజుకి పది చూసేది. నాలుగు రోజులకి చేతులకి కొంచెం దారి తెలిసింది. అప్పుడు కూడా ప్రతి ముక్కనీ నొక్కాలనే బుద్ధి పుట్టేది, ఆపుకోవడం కష్టమయ్యేది. రెండు వారాలు పట్టింది గొట్టం నింపడానికి. చివర్లో, లెక్క ప్రకారం బిళ్ళలన్నీ అయిపోయినా గొట్టం నిండలేదు. పైన ఖాళీ. ఇంకో కట్ట వేశాను. ఇంకా కొంచెం ఖాళీ.

అక్కడే చేయి ఆగిపోయింది. ఆవిడ గీతల పుస్తకం సొరుగులోంచి తీశాను. మొదటి యంత్రానికి ఎన్ని గీతలో, రెండోదానికి ఎన్ని గీతలో చదవడానికి ఏ భాషా అక్కర్లేదు. రెండోదాని వరస పొడుగ్గా ఉంది.

మొదటి చుట్ట మిగులు ముక్కలు ఒక డబ్బాలో ఉన్నాయి. ఒకటి తెచ్చి, కొత్తది పక్కన పెట్టి మైక్రోస్కోపు కింద చూశాను. పోగుల లెక్క రెండింట్లోనూ ఒకటే. కానీ కొత్తదాంట్లో తీగ సన్నం. నేసినవాళ్ళు లెక్క సరిగ్గా ఉంచి సన్న తీగ వాడారు. సర్టిఫికెట్లో పోగుల లెక్క ఉంది గానీ తీగ మందం మేం అడగలేదు, వాళ్ళు రాయలేదు. సన్న తీగలో లోహం తక్కువ, అంటే వేడిని దాచుకునే చోటు తక్కువ. వాయువు నిలబడే ఖాళీ ఎక్కువ. అందుకే యంత్రం నూటపది దాటి దిగలేదు. చేతికి మెత్తగా ఉందని ఆవిడ అన్నది ఇదే. వాయిలు చీరకీ కాడా గుడ్డకీ తేడా.

లేచి నేరుగా సార్ గదికి వెళ్ళి అంతా చెప్పాను. బట్ట వేరేగా ఉందని ఆవిడ మొదటిరోజే నాతో చెప్పిందన్నది కూడా.

"సమీక్షలో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారాయన. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

"సంతకం నాది సార్. భయపడ్డాను."

"అయితే ఇప్పుడు ఇంకో సంతకం పెట్టు" అని తెల్లకాగితం నా ముందుకి జరిపారు.

జరిగింది జరిగినట్టు రాశాను. చుట్ట తీసుకున్నది నేనని, హెచ్చరిక అందిందని, పట్టించుకోలేదని, కూర్పులో తప్పు లేదని. రాయడం కష్టంగా లేదు. మూసి ఉంచినన్నాళ్ళే కష్టం.

ఆవిడ ఇంటికి వెళ్తే తాళం. ఏంబలంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. మర్నాడు పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరాను. ఊరు దాటాక దారి పొడుగునా వరి, తర్వాత చెరుకు, మధ్యమధ్య వేరుసెనగ. ఏంబలంలో ఒక కొట్టం నీడన నలుగురు ఆడవాళ్ళు పీకిన వేరుసెనగ మొక్కలు పోగేసుకుని కాయలు వలుస్తున్నారు. వాళ్ళలో అక్క ఉంది. నన్ను చూసింది, చేయి ఆపలేదు.

నేనూ పక్కనే కూర్చుని ఒక మొక్క అందుకున్నాను. కాసేపు కాయలు తెంపుతూ ఉండిపోయాం.

"తప్పు బట్టదక్కా. నువ్వు చెప్పినట్టే వేరే బట్ట. తీగ సన్నం."

చేయి ఆగింది. "ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

"నిన్న తెలిస్తే ఈ పొద్దు వచ్చినావు. సరి."

"నువ్వు చెప్పావని అక్కడ నేను చెప్పి ఉండాలి. చెప్పలేదు. నిన్న అంతా రాసిచ్చాను."

ఆవిడ చెల్లెలు నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి దూరంగా వెళ్ళింది. అక్క మట్టి అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా మాట్లాడింది.

"మిల్లులో ఇరవై రెండేండ్లు. నా చేయి మంచిది కాదని ఒగరు కూడా అన్లేదమ్మా. పని పోతే పోనీ, కూలికైనా పోతా. నాకు కడుపు మండింది దానికి కాదు. ఆ గదిలో నువ్వు తుమ్మినా పుస్తకంలో రాస్తారు. నేను చెప్పింది మాత్రం యాడా లేదు. యాడా లేని మాట చెప్పినట్టా, చెప్పనట్టా?"

చేతిలో మొక్క కింద పెట్టి, మళ్ళీ పనికి రమ్మని అడిగాను.

"వస్తా. ఒగటి మాత్రం. ఇంక మీద నేను చెప్పేది నువ్వు పుస్తకంలో రాయాల. ఏ బాసలో అయినా సరే. రాసినాక నాకు సదివి వినిపించాల."

"రాస్తాను."

"నేను చెప్పింది తప్పయినా రాయాల" అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు ఇంకో మొక్క అందుకుంది. వచ్చేటప్పుడు పచ్చి వేరుసెనగ సంచి నిండా పోసి స్కూటర్ ముందు పెట్టింది. ఇంటికి రాగానే ఉప్పేసి ఉడకబెట్టుకోమంది, రేపటికి ఉంచితే తీపి పోతుందంది.

కేంద్రం నుంచి అనుమతి రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ లోపల ఆవిడ కూర్పు ముట్టకుండా, వచ్చిన బట్టని చూడటానికి మాత్రం గదిలో కూర్చుంది. పని రాసుకునే పుస్తకంలో నేను కొత్త గడి ఒకటి గీశాను. ఆవిడ మాట తెలుగే కాబట్టి తెలుగులోనే రాశాను. "ఈ చుట్ట మొదటి రెండు గజాలు బాగుండాది, ఆ పైన నేత వదులు." "అంచు పక్క బెత్తెడు వాడొద్దు." "ఇది మంచి బట్ట." రాసి, చదివి వినిపించేదాన్ని. ఒక్కోసారి "అట్ల అన్లేదు నేను" అని దిద్దించేది. ఆవిడ చదవలేని అక్షరాల మీద వేలు పెట్టి, ఏ మాట ఎక్కడుందో అడిగి తెలుసుకునేది. తర్వాత్తర్వాత "బట్ట" అన్న మాట తనే గుర్తుపట్టడం మొదలుపెట్టింది.

సమీక్ష పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఆయనకి తెలుగు రాదు. ఆ గడిలో ఉన్నదంతా నాచేత చదివించుకుని, ప్రతిదానికీ ఎదురుగా మైక్రోస్కోపు కొలత అడిగారు. తర్వాత పాత చుట్ట ముక్కలూ సన్న తీగ ముక్కలూ కలిపి పన్నెండు బిళ్ళలు ఆవిడ ముందు పెట్టించారు. కళ్ళు మూసుకుని వేళ్ళతో వేరు చేయమన్నారు. ఆవిడ ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది, రెండు కుప్పలు చేసింది. పదకొండు సరిపోయాయి. ఒకటి తప్పింది.

"రాయి" అంది నాతో. "ఒగటి తప్పు చెప్పినా."

రాశాను. ఆ పెద్దాయన నేను రాసేదాకా ఆగి, ఏం రాశావని అడిగారు. చెప్పాను. ఆయన క్షమాపణ అడగలేదు. లేచి నిలబడి ఆవిడకి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఆ నెలలోనే ఆవిడకి జల్లెడ తనిఖీకీ పేర్పుకీ అర్హత పత్రం వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకి నేర్పాలని కూడా అందులో ఉంది. తీగ మందం కొలవకుండా ఏ చుట్టా లోపలికి రాకూడదన్న నియమం కూడా అప్పుడే పుట్టింది. దాన్ని రాసింది నేను, రాయించింది ఆవిడ.

మూడో యంత్రం ఎనభైకి దిగింది. నాలుగోదీ దిగింది. రెండింటినీ ఎదురెదురుగా బిగించి, ఒకదాని అదురు ఇంకోదానితో సరిపోయేలా చేసి, ఆపకుండా తిప్పడం మొదలుపెట్టాం. వానలు వచ్చాయి, తుపాను ఒకటి ఊరిమీదుగా పోయింది, కరెంటు గంటలకొద్దీ పోయింది. బ్యాటరీల మీద అవి తిరుగుతూనే ఉన్నాయి. అక్క రోజూ పొద్దున రాగానే పరీక్ష గదిలోకి వెళ్ళి యంత్రం ఒంటిమీద అరచెయ్యి ఆనించేది. అది వెచ్చగా ఉంటుంది, చల్లటి కొసనుంచి లాగిన వేడంతా బయటకి వచ్చేది అక్కడే. "పనిచేసేవాళ్ళ ఒళ్ళు వెచ్చగానే ఉంటాది" అనేది. నెలలు గడిచాయి. అంకె కదల్లేదు.

యంత్రాలు పెట్టెల్లో పెద్ద కేంద్రానికి వెళ్ళిపోయాయి. కొన్నాళ్ళకి నన్నూ వెనక్కి పిలిచారు. ఉపగ్రహం ఎగిరింది. పైన యంత్రాన్ని ఆన్ చేసిన రోజున మేమంతా అంకెలు చూస్తూ కూర్చున్నాం. దిగి, నిలిచింది. ఇంకొన్ని రోజులకి కన్ను తెరిచి పంపిన మొదటి బొమ్మల్లో ఒకటి మన తూర్పు తీరంది. దాని నకలు ఒకటి అనుమతి తీసుకుని చుట్టి పట్టుకుని, సెలవుపెట్టి పుదుచ్చేరి బస్సెక్కాను.

ఆవిడ ఇంట్లో నేలమీద పరిచాను. నేల ఒక రంగు, సముద్రం పొరలు పొరలుగా ఇంకో రంగు. ఆవిడ బొమ్మ మొత్తం ఒకసారి చూసి, మోకాళ్ళమీద వంగి, ఒక చివర్నుంచి ఇంకో చివరకి కళ్ళు పారించింది. ఒకచోట వేలు పెట్టింది.

"ఈడ ఒగ నూలు తెగింది."

సన్నటి గీత. కంటిలోని ఒక చుక్క పనిచేయక పడిన గీత. దాన్ని మేం లెక్కల్లో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

"ఈ రంగులేంది?" అని అడిగింది. వెచ్చటి నీళ్ళూ చల్లటి నీళ్ళూ కలిసే చోట్లు అని చెప్పాను. "అట్లయితే ఇది చూడాల్సింది మనం కాదు" అని లేచి చీర సర్దుకుంది. ఇద్దరం ఆటోలో సముద్రం ఒడ్డున జాలర్లుండే వైతికుప్పం వెళ్ళాం. మిల్లులో ఆవిడతో పనిచేసిన ఒకామె భర్త అక్కడ పడవ నడిపేవాడు. పొద్దున పట్టిన చేపలు అప్పుడే దించి, వల ఆరేస్తున్నాడు. అక్క బొమ్మని పడవ అంచుమీద పరిచి తమిళంలో గబగబా చెప్పింది. ఇది పైనుంచి తీసింది, తీసిన దాని లోపలి కంబి బట్ట నేను చూసి ఇచ్చిందే, ఇది వెచ్చన, ఇది చల్లన అని.

ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని వంగి చూశాడు. రెండు రంగులు కలిసిన చోట, తీరానికి చాలా దూరంలో, ఒక వంపు దగ్గర వేలు ఆపాడు.

"చేప ఇక్కడుంటుంది" అన్నాడు. "మా నాయన నీళ్ళలో చెయ్యి ముంచి వెతికేవాడు దీన్ని."

అక్క నా వైపు తిరిగింది. ఆవిడ మొహం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

"రాయి" అంది. నా దగ్గర పుస్తకం లేదు. బొమ్మ వెనకవైపే, ఆయన తమిళంలో అన్న మాట అన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసి, పడవ పక్కన నిలబడి ఇద్దరికీ చదివి వినిపించాను.